వేరు బుడిపెల్లో గులాబీ రంగు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం కార్యవర్గం వారు నాకు రెండు షరతులు పెట్టారు. మాట్లాడేది సైన్సు గురించి అయి ఉండాలి, భోజనాల బెల్లు కొట్టే లోపల ముగించాలి. రెండో షరతుకు ఈ బడిలో చదివిన వాళ్ళెవరైనా తల వంచాల్సిందే. వంటల వైపు నుంచి పప్పు పోపు వాసన వస్తోంది కాబట్టి నేను కూడా పప్పు గురించే మాట్లాడతాను. పళ్ళెంలోకి వచ్చిన తర్వాత దాని సంగతి నాకంటే మీకే బాగా తెలుసు. పొలంలో, మట్టి కింద ఉన్నప్పుడు దానికి ఏం జరుగుతుందో చెబుతాను. ఉద్యోగ కాలమంతా నేలతోనూ, నేలలోని సూక్ష్మజీవులతోనూ గడిపినవాణ్ణి కనుక నాకు తెలిసింది అదే.

పప్పు జాతి మొక్కల వేరు బుడిపెల్లో రైజోబియం అనే బాక్టీరియా ఉంటుందనీ, అది గాలిలోని నత్రజనిని స్థాపిస్తుందనీ మనమంతా బడిలో బట్టీ పట్టాం. పరీక్షలో దానికి ఒక మార్కు. ఆ వాక్యంలో తప్పేమీ లేదు. కాకపోతే అందులో ఎండ లేదు, వాన లేదు, చౌడు లేదు. ఎక్కడ విత్తినా, ఎప్పుడు విత్తినా ఈ పని దానంతట అదే జరిగిపోతుందన్న నమ్మకం మనకు ఆ వాక్యం నుంచే వచ్చింది. మన తెలంగాణ పొలాల్లో అది ఎప్పుడు జరుగుతుంది, ఎప్పుడు ఆగిపోతుంది, ఆగితే మనకేం నష్టం అన్నదే ఇవాళ్టి విషయం.

నష్టం ఏమిటో మొదట చెప్పుకుందాం. 2015 గుర్తు చేసుకోండి. ఆ ఏడాది దసరా, దీపావళి నాటికి కందిపప్పు కిలో 200 రూపాయలకు చేరింది. బేగంబజార్‌లోనూ, మలక్‌పేట గంజ్‌లోనూ పప్పు బస్తా దగ్గర నిలబడి ధర విని, సగం తూకం వేయించుకుని వెళ్ళినవాళ్ళు ఈ సభలోనే చాలామంది ఉంటారు. 2014లోనూ, 2015లోనూ వరసగా రెండేళ్ళు నైరుతి రుతుపవనాలు దేశమంతటా మొహం చాటేశాయి. పప్పు పంటల్లో ఎక్కువ భాగం వర్షం మీదే ఆధారపడతాయి కాబట్టి వాన తగ్గితే ముందు దెబ్బ తినేది అవే. ప్రపంచంలో పప్పులు ఎక్కువ పండించేది మనమే, ఎక్కువ తినేదీ మనమే. అయినా చాలక మయన్మార్ నుంచి, మొజాంబిక్ నుంచి, టాంజానియా నుంచి కందులు తెప్పించుకుంటున్నాం. మన చారులో కంది ఒక్కోసారి సముద్రం దాటి వచ్చినదే.

వాన తగ్గితే పంట తగ్గుతుందని చెప్పడానికి శాస్త్రవేత్త అక్కర్లేదు. ఎలా తగ్గుతుందన్న దగ్గరే అసలు సంగతి ఉంది.

మన చుట్టూ ఉన్న గాలిలో 78 శాతం నత్రజనే. ప్రతి ఆకులోనూ, ప్రతి గింజలోనూ మాంసకృత్తులు తయారు కావడానికి కావలసిందీ నత్రజనే. కాని గాలిలోని నత్రజని మొక్కకు నేరుగా పనికిరాదు. ఆ అణువులో రెండు పరమాణువులు మూడు బంధాలతో గట్టిగా ముడిపడి ఉంటాయి. ఆ ముడి విప్పడానికి యూరియా ఫ్యాక్టరీల్లో 400 నుంచి 500 డిగ్రీల వేడి, మామూలు గాలి పీడనానికి వంద రెట్లకు మించిన పీడనం వాడతారు. జర్మనీలో హేబర్, బాష్ అనే ఇద్దరు ఈ పద్ధతిని రూపొందించారు. 1913లో మొదటి కర్మాగారం నడిచింది. అదే పనిని కంది వేరు మీద బఠాణీ గింజంత కూడా లేని ఒక బుడిపె, పొగ గొట్టం లేకుండా, మామూలు వేడిలో చేస్తుంది. 1886లో హెల్‌రీగెల్, విల్‌ఫార్త్ అనే జర్మన్ శాస్త్రజ్ఞులు పప్పు మొక్కలు గాలి నుంచి నత్రజని తీసుకుంటాయని రుజువు చేశారు. రెండేళ్ళ తర్వాత, 1888లో హాలండుకు చెందిన బైయరింక్ బుడిపెల్లోంచి ఆ బాక్టీరియాను వేరు చేసి పెంచి చూపించాడు.

ఈ పని ఉచితంగా జరగదు. ఒక్క నత్రజని అణువును మార్చడానికి బాక్టీరియా కనీసం 16 ఏటీపీ అణువులు ఖర్చు పెట్టాలి. ఏటీపీ అంటే జీవకణం జేబులోని చిల్లర డబ్బు. ఆ డబ్బు ఎక్కడిది? మొక్క ఆకుల్లో తయారైన చక్కెర నుంచి వస్తుంది. మొక్క చక్కెర ఇస్తుంది, బాక్టీరియా నత్రజని ఇస్తుంది. అచ్చం మన మండీలో జరిగే ఇచ్చిపుచ్చుకోవడమే.

ఈ ఒప్పందం కుదరడం కూడా అంత తేలిక కాదు. ముందు వేరు కొన్ని రసాయనాలను మట్టిలోకి వదులుతుంది. వాటిని ఫ్లేవనాయిడ్లు అంటారు. సరైన బాక్టీరియా వాటిని గుర్తించి తన వైపు నుంచి ఇంకో రసాయనంతో జవాబిస్తుంది. ఆ జవాబు అందిన వేరు నూగు కొక్కెంలా వంగి బాక్టీరియాను చుట్టేస్తుంది. అక్కడి నుంచి సన్నని దారం లాంటి దారి వేరు లోపలికి వెళుతుంది. ఆ తర్వాతే బుడిపె కడుతుంది. అందరికీ అన్నీ నప్పవు. శనగకు పనికొచ్చే బాక్టీరియా కందికి పనికిరాదు. కందిలో, బొబ్బర్లలో, పల్లిలో బుడిపెలు కట్టించే జాతి వేరు, శనగది వేరు, మెంతికి ఉన్నది వేరు.

బుడిపె లోపల ఇంకో చిక్కు ఉంది. నత్రజనిని మార్చే ఎంజైముకు ఆక్సిజన్ తగిలితే అది పాడైపోతుంది. కాని బాక్టీరియా ఊపిరి పీల్చుకోవాలంటే ఆక్సిజన్ ఉండాలి. ఉంటే ఒక తంటా, లేకపోతే ఇంకో తంటా. అందుకని బుడిపెలో లెగ్‌హీమోగ్లోబిన్ అనే పదార్థం ఉంటుంది. మన రక్తంలోని హీమోగ్లోబిన్‌కు ఇది దూరపు చుట్టం. ఆక్సిజన్‌ను పట్టుకుని, కావలసినంత మాత్రమే కొలిచి అందిస్తుంది. రంగు కూడా ఎరుపే. అందుకే పని చేస్తున్న బుడిపెను గోటితో చీరితే లోపల గులాబీ రంగు కనిపిస్తుంది. ముదిరి పని మానేసినది ఆకుపచ్చగానో, గోధుమ రంగులోనో ఉంటుంది. పని చేయనిది, ఇంకా పని మొదలుపెట్టనిది తెల్లగా ఉంటుంది. ఏ ప్రయోగశాలా లేకుండా చేయగలిగిన పరీక్ష ఇది. ఈ గులాబీ రంగును గుర్తుంచుకోండి, మళ్ళీ పని పడుతుంది.

ఇప్పుడు అసలు మాట చెబుతాను. కంది మొండి మొక్క. దాని వేరు లోతుకు పోతుంది, వాన లేకపోయినా చాలా రోజులు తట్టుకుంటుంది. బాక్టీరియా కూడా మొండిదే. విడిగా మట్టిలో ఉన్నప్పుడు మొక్క భరించలేనంత ఉప్పును కూడా భరిస్తుంది. ఇద్దరూ గట్టివాళ్ళే. కాని వాళ్ళ మధ్య ఉన్న ఒప్పందం సున్నితం. ఎండ గాని, బెట్ట గాని, ముంపు గాని, ఉప్పు గాని వచ్చినప్పుడు మొక్క చావక ముందే, బాక్టీరియా చావక ముందే ఆ ఒప్పందం తెగిపోతుంది. పైన మొక్క పచ్చగానే నిలబడి ఉంటుంది. కింద పని ఆగిపోయి ఉంటుంది. రైతుకు అది కనిపించదు.

ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదట ఎండ. రైజోబియం జాతులు చాలావాటికి 28 నుంచి 31 డిగ్రీల వేడి హాయిగా ఉంటుంది. 37 దాటితే వాటిలో చాలా రకాలు పెరగవు. మన దగ్గర మే నెలలో ఖాళీ పొలంలో పై అంగుళం మట్టి 50 డిగ్రీలు దాటుతుంది. చార్మినార్ ముందు మధ్యాహ్నం చెప్పులు లేకుండా నిలబడినవాళ్ళకు ఆ వేడి ఎలాంటిదో తెలుసు. కొన్ని బాక్టీరియాలు గడ్డుకాలం వస్తే గట్టి పెంకులాంటి సిద్ధబీజాలుగా మారి దాక్కుంటాయి. రైజోబియంకు ఆ విద్య రాదు. పై మట్టిలో ఉన్నవి చాలా మట్టుకు పోతాయి, కాస్త లోతున చల్లగా ఉన్నచోట ఉన్నవి మిగులుతాయి. జూన్‌లో విత్తిన గింజకు తొలి వేరు దిగే చోట తోడు దొరకడం అదృష్టం మీద ఆధారపడుతుంది. అప్పటికే బుడిపె కట్టి ఉన్నా, నేల వేడెక్కితే అది తొందరగా ముదిరిపోతుంది.

రెండోది బెట్ట. వాన ఆగి పది పదిహేను రోజులైతే ఆకు వడలడం మనం చూస్తాం. సోయా చిక్కుడు మీద చేసిన పరిశోధనల్లో తేలిందేమిటంటే, ఆకు తన పని తగ్గించుకోక ముందే బుడిపె తన పని తగ్గించుకుంటుంది. కారణాలు ఒకటి కంటే ఎక్కువే ఉన్నాయి. పైనుంచి వచ్చే చక్కెర తగ్గుతుంది. బుడిపె లోపలికి ఆక్సిజన్ వెళ్ళే దారి బిగుసుకుంటుంది. మూడో కారణం మన గంజ్ వాళ్ళకు వెంటనే అర్థమవుతుంది. బుడిపెలో తయారైన నత్రజని సరుకు నీటితో పాటే పైకి రవాణా కావాలి. నీటి ప్రవాహం తగ్గితే సరుకు కదలదు. గోదాములో బస్తాలు పేరుకుపోతే మిల్లువాడు ఏం చేస్తాడు? మిల్లు ఆపేస్తాడు. బుడిపె కూడా అంతే. బెట్ట తేలికపాటిదైతే, మళ్ళీ వాన పడితే అదే బుడిపె తిరిగి పని అందుకుంటుంది. గట్టి బెట్ట అయితే బుడిపెలు రాలిపోతాయి. మొక్క మళ్ళీ మొదటి నుంచి కట్టుకోవాలి. అప్పటికి పూత కాలం వచ్చేస్తుంది. గింజ నిండాల్సిన సమయానికి ఇంట్లో సరుకు ఉండదు.

మూడోది దీనికి సరిగ్గా ఎదురు, ముంపు. 2020 అక్టోబరు 13 రాత్రి మనలో ఎవరూ మరిచిపోలేరు. ఫలక్‌నుమా, హఫీజ్‌బాబానగర్, ఉప్పుగూడ, ఛత్రినాక వైపు ఇళ్ళలోకి వచ్చిన నీళ్ళు ఎన్ని రోజులు నిలిచాయో ఈ సభలో చెప్పగలవాళ్ళున్నారు. ఆ వానలు నగరానికే పరిమితం కాలేదు. కంది చేలల్లోనూ నీళ్ళు నిలిచాయి. నీళ్ళు నిలిస్తే మట్టి సందుల్లోని గాలి పోతుంది. ఇంతకుముందు చెప్పిన ఆక్సిజన్ కొలత మొత్తం తప్పుతుంది. బుడిపె ఊపిరాడక ఆగిపోతుంది. నల్లరేగడిలో ఈ బాధ ఇంకా ఎక్కువ. అది నీటిని పట్టుకుని ఒక పట్టాన వదలదు. తాండూరు కందిపప్పు రుచి అందరికీ తెలుసు. 2022లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ రుచికి పేరు తెచ్చిన నల్లరేగడే అతివాన పడిన ఏడాది కందికి శత్రువు అవుతుంది. ఒకే వానాకాలంలో ముందు మూడు వారాల బెట్ట, తర్వాత రెండు రోజుల్లో కుండపోత రావడం ఇప్పుడు మామూలైపోయింది. రెండు దెబ్బలూ తగిలేది అదే బుడిపెకు.

నాలుగోది ఉప్పు. పప్పు పంటల్లో శనగ ఉప్పును అసలు ఓర్వలేదు. దాని బాక్టీరియా మాత్రం ఓరుస్తుంది. కాని ఉప్పు నేలలో వేరు నూగు కొక్కెంలా వంగడమే తగ్గిపోతుంది. అంటే పిలుపూ ఉంది, జవాబూ ఉంది, తలుపు తెరుచుకోదు.

ఉప్పు అనగానే మన మూసీ గుర్తుకు రాక తప్పదు. నగరం మురుగంతా మోసుకుని పోయే ఆ నీటితో దిగువన పీర్జాదిగూడ దాటాక కూడా పశుగ్రాసం, ఆకుకూరలు, వరి పండిస్తున్నారు. నగరపు మురుగులో లవణాలుంటాయి, పరిశ్రమల వల్ల లోహాలూ చేరతాయి. ఇలాంటి నేలల్లో దీర్ఘకాలం మీద ఏం జరగవచ్చో తెలుసుకోవడానికి ఇంగ్లండులోని వోబర్న్ అనే చోట జరిగిన ప్రయోగం ఒకటి ఉంది. అక్కడ 1942 నుంచి దాదాపు ఇరవై ఏళ్ళపాటు మురుగు మడ్డిని ఎరువుగా వేశారు. తర్వాత మానేశారు. మానేసిన రెండు దశాబ్దాల తర్వాత ఆ నేలలో క్లోవర్ అనే పప్పు జాతి పశుగ్రాసం వేసి చూశారు. బుడిపెలు కట్టాయి. కాని వాటిలో పని లేదు. జింకు, కాడ్మియం వంటి లోహాలను తట్టుకుని ఆ మట్టిలో మిగిలిన బాక్టీరియా నత్రజని స్థాపించలేని రకం. బాక్టీరియా బతికే ఉంది, మొక్క బతికే ఉంది, ఒప్పందం మాత్రం పోయింది. మురుగు పోయడం ఆపినా నేల మరిచిపోలేదు. మూసీని బాగు చేయాలని మనం అనేటప్పుడు ముక్కు మూసుకునే వాసన గురించే అంటాం. నేల జ్ఞాపకం గురించి కూడా అనాలి.

ఇక అయిదోది ప్రకృతి చేసింది కాదు, మనం చేసేది. చేను కాస్త పసుపు తిరిగినట్టు కనిపించగానే రైతు యూరియా చల్లుతాడు. నాలుగు రోజుల్లో చేను పచ్చబడుతుంది. కాని మట్టిలో నత్రజని పుష్కలంగా దొరికితే మొక్క బుడిపెలకు చక్కెర పంపడం తగ్గించేస్తుంది. ఊరికే దొరుకుతుంటే ఖరీదు పెట్టి ఎవరు కొంటారు? మరుసటి వారం నుంచి బుడిపె ఖాళీ. మళ్ళీ పసుపు, మళ్ళీ యూరియా. ఎండ, బెట్ట తెంపిన ఒప్పందాన్ని మనం పూర్తిగా రద్దు చేస్తున్నాం. మొలిచిన కొత్తలో, బుడిపెలు ఇంకా కట్టనప్పుడు కందికి కొంచెం నత్రజని ఇవ్వడం సబబే. ఎకరానికి 8 కిలోలు చాలని వ్యవసాయ విశ్వవిద్యాలయం సిఫారసు. అంతకు మించి పోసేది పంటకు బలం కాదు, బుడిపెకు సెలవు చీటీ.

దీనివల్ల పోయేది ఎంతో లెక్క కట్టవచ్చు. పటాన్‌చెరు ఇక్రిశాట్ క్షేత్రంలో కంది తర్వాత మక్క వేసి చూసిన ప్రయోగాల్లో, ముందు పంట కంది కావడం వల్ల మక్కకు కలిసొచ్చిన లాభం హెక్టారుకు సుమారు 40 కిలోల నత్రజని వేసినదానితో సమానమని తేలింది. ఎకరానికి చూస్తే 16 కిలోలు. యూరియాలో నత్రజని 46 శాతం కాబట్టి దాదాపు 35 కిలోల యూరియా. ఇప్పుడు వస్తున్న 45 కిలోల సంచిలో ముప్పావు వంతు పైనే. కంది తనకు కావలసింది తీసుకుని, గింజ మనకిచ్చి, పైగా పక్క పంటకు వదిలి వెళ్ళేది అది. బుడిపె పని చేయని ఏడాది ఈ లెక్క తలకిందులవుతుంది. అప్పుడు కంది నేలలోంచి తీసుకునేదే గాని ఇచ్చేది ఉండదు.

ఇంతవరకూ కష్టాలే చెప్పాను. ఇప్పుడు చేతిలో ఉన్న మార్గాలు చెబుతాను. ఈ విషయంలో హైదరాబాదు వాళ్ళం అదృష్టవంతులం. పప్పు మొక్కల కష్టసుఖాలు చూసే పెద్ద సంస్థలు మూడు మన చుట్టే ఉన్నాయి. రాజేంద్రనగర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం 1964 నుంచి ఉంది. ఇప్పుడు దానికి ప్రొఫెసర్ జయశంకర్ గారి పేరు. పటాన్‌చెరులో ఇక్రిశాట్ 1972లో మొదలైంది. మూడోది మనకు కూతవేటు దూరంలో, సంతోష్‌నగర్‌లో ఉన్న క్రిడా. బస్సులో ఆ పేరు విని అదేదో ఆటల సంస్థ అనుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. అది కేంద్రీయ మెట్ట వ్యవసాయ పరిశోధనా సంస్థ, 1985లో ఏర్పడింది. వాన మీద ఆధారపడిన సేద్యం కోసం దేశం మొత్తానికి పని చేసే సంస్థ మన పాతబస్తీ పక్కన ఉంది. రాబోయే రోజుల్లో గాలిలో బొగ్గుపులుసు వాయువు, వేడి పెరిగితే పంటలు ఎలా ఉంటాయో చూడటానికి అక్కడ పైకప్పు లేని గదుల్లాంటి కట్టడాల్లో మొక్కలు పెంచి పరిశీలిస్తున్నారు.

కంది తెలివి ఎంతటిదో కూడా ఇక్కడే బయటపడింది. నత్రజని పనికి భాస్వరం ఎక్కువ కావాలి. మన ఎర్ర చల్కల్లో భాస్వరం ఇనుముతో బిగుసుకుని మొక్కలకు అందదు. కంది వేరు పిసిడిక్ ఆమ్లం అనే పదార్థాన్ని వదిలి ఆ ఇనుమును పట్టుకుని భాస్వరాన్ని విడిపించుకుంటుందని ఇక్రిశాట్‌లో పని చేసిన జపాన్ శాస్త్రజ్ఞులు 1990లో ప్రకటించారు. ఎరువు బస్తా చూడని చల్క నేలల్లో తరతరాలుగా కంది ఎలా పండిందన్న ప్రశ్నకు అది ఒక జవాబు.

2025లో ఇక్రిశాట్ 45 డిగ్రీల వేడిని తట్టుకునే కొత్త కంది రకాన్ని ప్రకటించింది. ఎంతో సంతోషించవలసిన విషయం. ఇక్కడే నేను నొక్కి చెప్పదలచిన మాట ఒకటి ఉంది. మొక్క 45 డిగ్రీలు తట్టుకుంటే సరిపోదు. దాని తోడు కూడా తట్టుకోవాలి. పెళ్ళికొడుకును ఒక్కణ్ణే చూసి ముహూర్తం పెట్టుకోలేం కదా. రకాన్ని ఎంపిక చేసేటప్పుడే వేడి నేలల్లో, చౌడు నేలల్లో బతుకుతూ పని చేస్తున్న బాక్టీరియాను వెతికి, జంటగా పరీక్షించి, జంటగా రైతుకు ఇవ్వాలి. మన ఎండకు ఆగే బాక్టీరియా మన మట్టిలోనే ఎక్కడో దొరుకుతుంది. దాన్ని వెతకడానికి ఓపిక, కొంచెం డబ్బు, పొలాల వెంట తిరిగే యువకులు కావాలి. ఈ బడి పిల్లల్లో ఒక్కరికి ఆ బుద్ధి పుట్టినా నా ప్రసంగం ఫలించినట్టే.

మనలో చాలామందికి ఊళ్ళో పొలాలున్నాయి. వికారాబాద్, పరిగి, కల్వకుర్తి, నారాయణఖేడ్ వైపు అన్నదమ్ములు సేద్యం చేస్తున్నవాళ్ళున్నారు. వాళ్ళకు చెప్పగలిగినవి నాలుగు మాటలు.

ఒకటి, రైజోబియం కల్చర్ ప్యాకెట్. ఎకరానికి సరిపడే విత్తనానికి 200 గ్రాములది ఒకటి చాలు, ఖర్చు స్వల్పం. చల్లార్చిన బెల్లం నీళ్ళలో కలిపి విత్తనానికి పట్టించి, నీడలో ఆరబెట్టి, వెంటనే విత్తాలి. అందులో ఉన్నది ప్రాణమున్న సరుకు. రేకుల కప్పు కింద, ఎండ పడే అద్దాల బీరువాలో నెలల తరబడి పెట్టిన ప్యాకెట్‌లో బూడిద మిగులుతుంది గాని బాక్టీరియా మిగలదు. తేదీ చూసి, చల్లగా దాచిన చోట కొనాలి. ఏ పంటకు ఆ పంట ప్యాకెటే కొనాలి. విత్తనానికి శిలీంద్రనాశక మందు పట్టించాలంటే అది ముందు, కల్చర్ చివర.

రెండు, నీరు పోయే దారి. నల్లరేగడిలో కందిని బోదెల మీద విత్తితే సాళ్ళలో నీళ్ళు నిలిచినా వేరుకు ఊపిరి ఆడుతుంది. వెడల్పు మడులు, వాటి పక్కన కాలువలు అనే పద్ధతిని ఇక్రిశాట్ 1970లలోనే రూపొందించింది.

మూడు, పెద్దల పద్ధతి. జొన్నలో కంది సాళ్ళు వేయడం మన తాతల నాటిది. జొన్న మట్టిలోని నత్రజనిని గబగబా తీసుకుంటుంది. దాంతో కంది గాలి మీద ఎక్కువ ఆధారపడుతుంది, బుడిపెలు గట్టిగా పని చేస్తాయి. చెత్త, ఆకు నేల మీద పరచి ఉంచితే మట్టి వేడీ తగ్గుతుంది, తేమా నిలుస్తుంది.

నాలుగు, పీకి చూడటం. పూతకు ముందు చేనులో అక్కడక్కడా అయిదు మొక్కలను గడ్డపారతో మట్టితో సహా పెకలించి, నీళ్ళలో కడిగి, బుడిపెలను చీరి చూడాలి. గులాబీ రంగు ఉంటే యూరియా డబ్బు జేబులోనే ఉంచుకోవచ్చు. తెల్లగా ఉంటేనో, బుడిపెలే లేకపోతేనో అప్పుడు ఆలోచించాలి. పైన ఆకు చూసి కాకుండా కింద బుడిపె చూసి నిర్ణయం తీసుకోవడం అలవాటైతే చాలా డబ్బు మిగులుతుంది, చాలా నేల మిగులుతుంది.

చివరగా ఉపాధ్యాయులకూ, మన సంఘానికీ ఒక విన్నపం. స్వర్ణోత్సవ నిధి నుంచి కొత్త బెంచీలు, మంచినీళ్ళ యంత్రం కొంటున్నామని కార్యదర్శి గారు చెప్పారు. సంతోషం. వాటితో పాటు అయిదు మట్టి కుండీలు, పావుకిలో బొబ్బర్లు కొనండి. నర్సరీ సంచుల్లో అమ్మే మట్టి వద్దు, పంట పండే పొలం మట్టి తెప్పించండి. డిసెంబరు చివరి వారంలో విత్తండి. మొదటి కుండీకి మామూలుగా నీళ్ళు పోయాలి. రెండోదానికి నాలుగో వారం నుంచి నీళ్ళు బాగా తగ్గించాలి. మూడోదాన్ని నీళ్ళు నిండిన పళ్ళెంలో నిలబెట్టాలి. నాలుగోదానికి కొంచెం ఉప్పు కలిపిన నీళ్ళు పోయాలి. అయిదోదానికి విత్తిన నాటి నుంచి వారానికి ఒక చిటికెడు యూరియా వేయాలి. ఆరు వారాలకు ఫిబ్రవరి 10 వస్తుంది. ఐక్యరాజ్యసమితి ప్రకటించిన ప్రపంచ పప్పుధాన్యాల దినం అది. ఆ రోజు మొక్కలను పీకి, కడిగి, పిల్లల చేతే బుడిపెలు లెక్కపెట్టించి, చీరి రంగు చూపించండి. ఎన్ని, ఏ రంగు అన్నది ఒక రిజిస్టర్‌లో రాయించండి. మరుసటి ఏడాది తరగతి మళ్ళీ చేయాలి, పాత లెక్కతో పోల్చాలి. ఆ ఏడాది చలి ఎక్కువో తక్కువో అది కూడా రాయాలి. పదేళ్ళు రాస్తే ఆ రిజిస్టర్ ఈ బడి ఆస్తి అవుతుంది.

ఆ కుండీల ఖర్చు, మొదటి ఏడాది పొలం మట్టి తెచ్చే బాధ్యత నావి. పిల్లలు ఎలాంటి ప్రశ్న అడిగినా వచ్చి జవాబు చెబుతాను, జవాబు తెలియని ప్రశ్న వేస్తే మరీ సంతోషం. భోజనాల బెల్లు కొట్టడానికి ఇంకా రెండు నిమిషాలున్నట్టుంది.